దప్పికగల ఊరు కావలెను

కుంపిణీవారి దయకు అంతు లేదన్న సంగతి తుమ్మలపట్టిలో అందరికంటే ముందు తెలిసినవాడు నారాయణసామి నాయుడు. ఆయన ఊరిపెద్ద, సర్కారు మాటలో మణియకారు. ఆ దయ ఒకనాటి పొద్దున తాసిల్దారు వరదరాజయ్యగారి తట్టువ గుర్రం మీద ఊళ్లోకి వచ్చింది.

తాసిల్దారుగారు దండోరా కొట్టించి, చావడి అరుగెక్కి, గొంతు సవరించుకుని ప్రకటించారు.

"సీమలో ఒక గొప్ప కాలేజీ ఉంది. అందులో చదివే దొరబిడ్డలకు లాటిన్ వచ్చు, గ్రీకు వచ్చు, లెక్కలూ వచ్చు. రానిది ఒక్కటే, కష్టం. అదీ నేర్పి బయటికి పంపాలని కాలేజీవారు తీర్మానించారు. కనుక ముగ్గురు విద్యార్థి దొరలు నాలుగు నెలలు ఓడలో వచ్చి, మీ ఊళ్లో ఒక నెల సేవ చేసి, మళ్లీ నాలుగు నెలలు ఓడలో వెళ్లిపోతారు. దాహంతో అలమటిస్తున్న మీకు బావి తవ్వి ఇస్తారు. అందరూ సంతోషించండి!"

అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి అందరూ కలిసి నారాయణసామి నాయుడి మొహం చూశారు.

"సామీ, మాకు బాయి ఉండాది గదా" అన్నాడాయన చేతులు కట్టుకుని. "మా తాత చిన్నయ్య నాయుడు తవ్వించినది. నడి ఎండాకాలంలో కూడా వట్టిపోదు."

"తెలియకేం? కోయంబత్తూరు నుంచి పళని పోయేటప్పుడల్లా నేను తాగేది ఆ నీళ్లేగా. అందుకేగా మీ ఊరిని సెలక్టు చేశాను!"

"దాహం ఉండే ఊరు గదా సామీ కావల్ల?"

తాసిల్దారుగారు జాలిగా నవ్వారు. "ఇరవై ఊళ్లు తిరిగానయ్యా. నిజంగా నీళ్లు లేని ఊళ్లో దొరలు స్నానం దేంతో చేస్తారు? నీళ్లు చెడ్డవైన ఊళ్లో వాళ్లకు వాంతులు పట్టుకుంటే కలెక్టరుగారు నన్ను బతకనిస్తారా? దాహంతో అలమటించడానికి కావలసినన్ని మంచినీళ్లు ఈ జిల్లా మొత్తం మీద మీ ఊళ్లోనే ఉన్నాయి."

ఇలా మాట్లాడాలంటే ఎంత చదువు ఉండాలి! నారాయణసామి నాయుడు మనసులోనే ఒక దండం పెట్టుకున్నాడు. ఈలోగా ఆయన భార్య పొన్నమ్మాళ్ తాంబూలం పళ్లెం తెచ్చి పెట్టింది. తమలపాకులు ఆమె తోటలోవి. బావిని ఆనుకుని ఉన్న ఆ ఆకుతోట నుంచి వారం వారం పళనికి బండి పోతుంది. కొండెక్కి దిగిన భక్తుల నోళ్లు అక్కడ ఆ ఆకుతోనే పండుతాయి. తాసిల్దారుగారు మూడు ఆకులు ఒక్కసారే నోట పెట్టుకుని, బుగ్గ ఉబ్బించి, కళ్లు మూసుకున్నారు. సర్కారు పని మీద ఆయన ఎటు వెళ్లినా దారి తుమ్మలపట్టి మీదుగానే పోవడానికి కారణం నీళ్లొక్కటే కాదు.

"మరి మా బాయిని ఏమి చేసేది సామీ?"

"మూసెయ్యి. పైన గడ్డి వెయ్యి. వామి అనుకుంటారు. వాళ్లు బయల్దేరిన మర్నాడు తీసెయ్యి. నీ వల్ల కాదంటే చెప్పు, మణియం చేస్తామని నలుగురు నా చుట్టూ తిరుగుతున్నారు."

నారాయణసామి నాయుడి చేతిలో వెండిపొన్ను కర్ర ఉంది. అది మణియకారు కర్ర. ఆయన దాన్ని కాస్త గట్టిగా పట్టుకున్నాడు. దాంతో బావి మూతపడింది.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు.

"మీ తాత తవ్విన బాయిని మీరే మూస్తారా? రొంబ బాగుండాది!" అంది పొన్నమ్మాళ్. "నా ఆకుతోటకు నీళ్లెక్కడివి? పొద్దూ మాపూ తడపకుంటే తీగ నిలుస్తాదా?"

"నెలే గదా అమ్మణీ, కొంచం ఓర్చుకో."

"నేను ఓర్చుకుంటా, తీగ ఓర్చుకుంటాదా? నాలుగు దినాలు నీళ్లు మానుకొని మీరు ఉండి చూపించండి, అప్పుడు నేనూ సరి అంటాను. ఆ తోట వేసి పెంచేదానికి ఎన్నేండ్లు పట్టిందో మీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. ఆ తోట ఎండితే తన ఇల్లు ఎండినట్టేననీ తెలుసు. చివరికి ఇద్దరికీ ఒక రాజీ కుదిరింది. బావి మీద తాటిదూలాలు పరిచి, చాపలు కప్పి, పైన జొన్నచొప్ప పోశారు. తోటవైపు మాత్రం బిందె పట్టేంత సందు ఒకటి వదిలారు. బావిలోంచి కపిలతో నీళ్లు తోడే ఎద్దుల జతకు నెలరోజులు సెలవు దొరికింది. పుట్టిన తర్వాత వాటికి అదే మొదటి సెలవు.

దొరలు వచ్చారు. ముగ్గురూ చక్కటి పిల్లలు. వాళ్లకు పెద్ద విల్మాట్ దొర. దయ ఆ అబ్బాయి కళ్లలో ఎప్పుడూ తొణుకుతూ ఉండేది. అతని మాటలు తెలుగు చేయడానికి దుబాసి లక్ష్మణన్ వెంట వచ్చాడు. బావి ఎక్కడ తవ్వాలో దొరలు ఊరంతా తిరిగి పరీక్షించి, చింతచెట్టు కింద తవ్వాలని నిర్ణయించారు. అక్కడ నీడ బాగుంది.

"అది ఉత్త బండ గదా సామీ" అని నారాయణసామి నాయుడు దుబాసి చెవిలో అన్నాడు.

దుబాసి దొరల వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొరలు మురిసిపోయారు.

"ఏం చెప్పినారు?"

"ఇంత మంచి చోటు తాతముత్తాతల నుంచి మీకెవరికీ తట్టలేదన్నావని చెప్పాను."

సేవ మొదలైంది. ఐతే ఇక్కడొక చిక్కు వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టం చేత పార పట్టించడం తుమ్మలపట్టి ఆచారంలో లేదు. దొర గునపం ఎత్తగానే ఒకడు పరుగున వచ్చి అందుకునేవాడు, ఇంకొకడు గొడుగు పట్టేవాడు, మరొకడు మజ్జిగ ఇచ్చేవాడు. నాలుగోవాడు తవ్వేవాడు. "మమ్మల్ని కష్టపడనివ్వండి!" అని విల్మాట్ దొర చేతులు జోడించి వేడుకున్నాడు. పాపం, ఊరివాళ్లకు జాలేసి పూటకు పది దెబ్బలు వేయనిచ్చారు. దాంతో మూడోనాటికి దొర అరచేతిలో బొబ్బ లేచింది. ముగ్గురు దొరలూ దాన్ని వంతులవారీగా చూసుకుని, ఎక్స్‌పీరియన్సు అంటే ఇదేనని ఒకరినొకరు అభినందించుకున్నారు. పొన్నమ్మాళ్ పసుపు నూరి పూసింది. చిదిమేస్తుందేమోనని దొర చేయి కాస్త వెనక్కి లాక్కున్నాడు.

రోజూ పొద్దున్నే ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో దొరల గుడారం ముందు నుంచి బారులు తీరి పోవాలని తాసిల్దారుగారి ఉత్తరువు. వాళ్లు అలాగే పోయి, గుట్ట చుట్టూ తిరిగి, వామి వెనక వదిలిన సందులోంచి బిందెలు నింపుకుని, రొప్పుతూ మళ్లీ గుడారం ముందు నుంచే వచ్చేవారు. రొప్పడం ఒక్కటే నటన. దొరలు కళ్లు తుడుచుకుని ఆ నీళ్లతో స్నానం చేసేవారు.

ఒకనాడు విల్మాట్ దొర ఆకుతోట ముందు ఆగిపోయాడు. ఊరంతా దాహంతో అలమటిస్తుంటే ఆ తోట మాత్రం పచ్చగా మెరుస్తోంది. దొర చెయ్యి చాపి చూపించాడు. దుబాసి నాయుడి వైపు తిరిగాడు.

"ఇక్కడ నీళ్లెక్కడివి అని అడుగుతున్నారు నాయుడూ."

"మంచు, సామీ" అన్నాడు నారాయణసామి నాయుడు. అప్పుడు ఎండ నడినెత్తిన ఉంది. ఆయనకే తన మాట నచ్చలేదు.

"మంచేమిటి!" అంది పొన్నమ్మాళ్, కొంగుతో మొహం ఒత్తుకుంటూ. "నా కంట నీళ్లు పోసి పెంచినానని చెప్పండి దొరకు."

దుబాసి చెప్పాడు. దొర టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఆ మాటలో అబద్ధం కొంచెమే ఉందని నారాయణసామి నాయుడికి తెలుసు. ఆయన నేల చూశాడు.

నెల గడిచింది. చింతచెట్టు కింద గొయ్యి మనిషి లోతు దిగి, బండ తగిలి ఆగిపోయింది. ఊరి గొంతులు ఎండకపోయినా గొయ్యి మాత్రం ఎండుగానే ఉంది. మర్నాడు కలెక్టరుగారు స్వయంగా వచ్చి బావి ప్రారంభం చేస్తారు. తాసిల్దారుగారు ముందే వచ్చి గోతిలోకి తొంగిచూసి, ఏమాత్రం తొణక్కుండా అన్నారు.

"నీళ్లు లేకపోతేనేం? మీ బావిలో ఉన్నాయిగా. తెచ్చి పోయండి."

తెల్లవారగానే ఆడవాళ్లు పోశారు. కలెక్టరుగారి పల్లకి రావడం ఆలస్యమైంది. ఎండకు కాస్త ఇంకింది. మళ్లీ పోశారు. చివరికి కలెక్టరుగారు వచ్చి, గ్లాసుతో తాగి, కొత్త నీళ్లలో ఉండే రుచే వేరన్నారు. ఊరు చప్పట్లు కొట్టింది. ఆ నీళ్ల రుచి ఊరికి కొత్త కాదు గనుక ఆ పొగడ్తకు నిజంగానే సంతోషించింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కొత్త బావి మీద కపిల కట్టి తోలి చూపించమన్నారు తాసిల్దారుగారు. కొత్త తోలుబొక్కెన వచ్చింది. నారాయణసామి నాయుడు ఎద్దుల మెడకు పూలదండలు వేసి, కొమ్ములకు పసుపు రాసి, స్వయంగా తోలుకొచ్చాడు.

ఎద్దులు చింతచెట్టు దాకా వచ్చాయి. కొత్త బావిని ఒకసారి చూశాయి. తర్వాత కలెక్టరుగారి ముందు నుంచి నిదానంగా నడిచి, నేరుగా చొప్పవామి దగ్గరికి పోయి, దానికి వీపు తిప్పి, పాత కపిల బాట మీద జతగా నిలబడ్డాయి. నెల సెలవు అయిపోయింది, ఇక పని చెప్పమన్నట్టు తోకలూపాయి.

"హే! హే!" అంటూ తాసిల్దారుగారు ఉత్తరీయం విదిలించారు. బెదిరిన ఎద్దు రెండడుగులు వెనక్కి వేసింది. చొప్ప జారింది. చాపలు కుంగాయి. తాటిదూలం ఒకటి పక్కకు దొర్లింది. వామి సగం లోపలికి పోయి, లోపల నీళ్లలో ధబ్బున పడింది.

తాసిల్దారుగారి నోట్లో ఆకు ఆగిపోయింది. నారాయణసామి నాయుడు వెండిపొన్ను కర్రను ఆఖరిసారి చూసుకున్నాడు. విల్మాట్ దొర బావి అంచుకు వెళ్లి, లోపల రాతిమెట్లు చూశాడు, నిండుగా ఉన్న నీళ్లు చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"చూశారా సర్!" అన్నాడు కలెక్టరుగారితో. "మేం ఒకటి తవ్వి చూపించామో లేదో, వీళ్లే ఇంకొకటి తవ్వేసుకున్నారు! మాకు తెలియనివ్వకుండా కానుకలా దాచిపెట్టారు!"

"నెలలోనా?" అన్నారు కలెక్టరుగారు. "మెట్ల మీద నాచు కూడా ఉందే."

"ఈ దేశంలో నాచు త్వరగా పెరుగుతుంది సర్."

కలెక్టరుగారు తల ఊపి, రాతి మీద చెక్కిన అక్షరాలేమిటని అడిగారు. అది చిన్నయ్య నాయుడి పేరు. దుబాసి లక్ష్మణన్ తాసిల్దారుగారి వైపు చూశాడు. తాసిల్దారుగారు ఆకు మళ్లీ నమలడం మొదలుపెట్టారు.

"విల్మాట్ దొరవారి పేరు సర్" అన్నాడు దుబాసి. "ఊరివాళ్లు విశ్వాసంతో చెక్కుకున్నారు."

నారాయణసామి నాయుడు ఒక అడుగు ముందుకు వేశాడు. చిన్నతనంలో ఆయన అక్షరాలు దిద్దింది ఆ రాతి మీదే. నోరు తెరిచాడు. చేతిలో వెండిపొన్ను ఎండకు తళుక్కుమంది. ఆయన నోరు మూసుకున్నాడు. పొన్నమ్మాళ్ మొగుడి వైపు చూసి, తోటలోకి వెళ్లిపోయింది. విల్మాట్ దొర మాత్రం వచ్చి నాయుడి రెండు చేతులూ పట్టుకుని, బొబ్బ మానిన తన అరచేతిని చూపించి, జీవితంలో ఈ ఊరిని మరువలేనన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమని నాయుడికి అనిపించింది. ఆ పిల్లవాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా ఆయన వల్ల కాలేదు.

దొరలు ఓడెక్కారు. ఎద్దులు పనిలోకి దిగాయి. కొత్త బావిలో ఊరి మేకలు ఎండకు పడుకుంటున్నాయి. అంతా సర్దుకుందనుకుంటూ ఉండగా వరదరాజయ్యగారి తట్టువ మళ్లీ వచ్చింది.

"శుభవార్త నాయుడూ!" అన్నారాయన అరుగు మీద చతికిలబడి. "నెలలో బావి తవ్వడం నేర్చిన ఊరని సీమలో మీ పేరు మార్మోగిపోతోంది. కాలేజీవారు ఏటా మీ ఊరికే పిల్లల్ని పంపుతారట. ఈసారి ఆరుగురు."

"ఈసారి కూడా బాయేనా సామీ?"

"బావి ఎందుకు? అది మీకు వచ్చుగా. ఈసారి మీకు రానిది ఇంకేదైనా నేర్పాలి." తాసిల్దారుగారు నడుము నుంచి సున్నపుకాయ తీసి, వేలికి సున్నం రాసుకుంటూ ఊరంతా పరికించారు. ఆయన చూపు బావి పక్కన ఆగింది. "ఆకుతోట పెంచడం! ఊళ్లో ఒక్కరికీ ఆకుతోట వేయడం రాదు, వీళ్లకు నేర్పితే పళనికి అమ్ముకుని బతుకుతారు అని రాసేస్తాను. భలే సర్వీసు! నాయుడూ, ఆ తోటను మొత్తం కప్పాలంటే ఎంత చొప్ప కావాలి?"

నారాయణసామి నాయుడు గడప వైపు చూశాడు. అప్పటికే పొన్నమ్మాళ్ తాంబూలం పళ్లెంతో గడప దాటి వచ్చి, అంతా విని నిలబడి ఉంది. తాసిల్దారుగారు చేయి చాపారు.

పొన్నమ్మాళ్ పళ్లెం వెనక్కి తీసుకుంది.

"ఆకా?" అంది. "అదేమి సామీ, మా ఊళ్లో అట్లాంటిది ఎవురూ చూసింది లేదే! వచ్చే దొరలు నేర్పనీండి. మొదటి కట్ట మీకే ఎత్తి పెడతా."

ఆమె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నారాయణసామి నాయుడు వెండిపొన్ను కర్రను గోడకు ఆనించి, చొప్ప ఎంత మిగిలిందో చూస్తున్నవాడిలా మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తాసిల్దారుగారు చాపిన చేయి చాలాసేపు అలాగే ఉంది. వేలి మీద సున్నం ఆరిపోయింది.