మా తాబేలు కడుపులో కాపురాలు

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉన్నవాళ్లు వీరు: పెదనాన్న, పెద్దమ్మ, అమ్మ, పెరట్లో తాబేలు, తాబేలు కడుపులో నట్టలు. నాన్న డ్యూటీకి వెళ్లారు. నేనూ ఉన్నాను కానీ, నేను ఇంట్లో ఉన్నానో లేనో ఎవరూ పెద్దగా పట్టించుకోరు కాబట్టి చివర్లో చెబుతున్నాను.

వీళ్లందరిలో ఇంటికి అసలైన మేలు చేస్తున్నది ఎవరు? నట్టలు! అవునండీ, కడుపులో పడే పురుగులే. ముక్కు మూసుకోకండి. ముందు నా వాదన వినండి.

తాబేలును మేం మేనేజరు గారు అంటాం. పెదనాన్న ఫ్యాక్టరీలో రిటైరైన రోజున తోటివాళ్లు ఒక గోడ గడియారం, ఈ తాబేలు బహుమతిగా ఇచ్చి పంపించారు. గడియారం మర్నాడే ఆగిపోయింది. తాబేలూ తరచుగా ఆగుతుంది కానీ, ఆగినప్పుడల్లా మెడ చాచి అందర్నీ ఒకసారి కలయజూస్తుంది. ఏ పనీ చేయకుండా అంత గంభీరంగా చూడగలిగేది మేనేజర్లేనని పెదనాన్న ఆ పేరు పెట్టారు.

ఇలాంటి మేనేజరు గారు ఏళ్ల తరబడి ఒంటరి. ఒంటరితనానికి మందేమిటో పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేకపోతున్నారు. నట్టలు తేల్చేశాయి! ఇప్పుడు ఆయన లోపల ఇంటినిండా జనం. అద్దె ఇవ్వరు, ఒప్పుకుంటాను. కానీ గోడలకు మేకులు కొడుతున్నారా? నీళ్లు రావట్లేదని తగువుకొస్తున్నారా? ఇంటాయన తిన్నదాంట్లోనే ఇంత తిని, చడీచప్పుడు లేకుండా పిల్లాజెల్లాతో కాపురం చేసుకుంటున్నారు. ఇంత మంచి అద్దెవాళ్లు మీకెప్పుడైనా దొరికారా?

ఇక అందం సంగతి. సన్నబడటానికి మనుషులు ట్రెడ్‌మిల్ ఎక్కి చెమటలు కక్కుతున్నారు. మేనేజరు గారు అడుగు కదపకుండా సన్నబడ్డారు! కాళ్ల మీద చర్మం అన్నయ్య ప్యాంటు తమ్ముడికి తొడిగినట్టు వేలాడుతోంది. కళ్లు లోపలికి పోయి, ఏదో పెద్ద పుస్తకం రాస్తున్నవాడి చూపు వచ్చింది. ఎత్తితే ఖాళీ డబ్బాలా చేతిలోకి వచ్చేస్తారు.

"చూశారా, ఎంత ఫిట్‌గా తయారయ్యాడో!" అని పెదనాన్న మురిసిపోయారు.

తిండి మానేసినా మేనేజరు గారు ఏడవలేదు, అరవలేదు. "బుద్ధిమంతుడు" అన్నారు అందరూ. చప్పుడు చెయ్యనివాళ్లకి ఏ బాధా ఉండదని మా ఇంట్లో గట్టి నమ్మకం. నన్ను కూడా బుద్ధిమంతురాలనే అంటారు.

నట్టల అభిమానం గురించి చెప్పకపోతే పాపం. పశువుల డాక్టరమ్మ మందిస్తే పోయాయి. మళ్లీ వచ్చాయి. మళ్లీ మందు వేశాం. మళ్లీ వచ్చాయి! మందు పెట్టి తరిమినా మొహం చిన్నబుచ్చుకోకుండా తిరిగొచ్చే చుట్టాలు ఈ రోజుల్లో ఉన్నారా? పెద్దమ్మ తమ్ముడు కాఫీలో చక్కెర తక్కువైందని అలిగి వెళ్లి, ఇప్పటికీ మా గడప తొక్కలేదు.

ఐకమత్యం కూడా పెంచాయి. కొత్తగా వేసిన పెంట పరీక్షకు కావాలని డాక్టరమ్మ అంటే, నేను చిన్న డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఫ్రిజ్‌లో దాచాను. టీవీలో ఏం చూడాలో కూడా ఏకాభిప్రాయానికి రాని మా ఇల్లు ఆ రోజు ఒక్క గొంతుతో అరిచింది!

"పాలగిన్నె పక్కన ఇదేంటే!" అంది పెద్దమ్మ.

"శాంపిల్, పెద్దమ్మా."

"శాంపిలా? పూర్తి సరుకు వెనకాల అరలో పెట్టావా ఏంటి కొంపదీసి?"

అమ్మ ఫ్రిజ్ మొత్తం సోపు నీళ్లతో కడిగింది. ఆ ఫ్రిజ్ కొన్నప్పటి నుంచి అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. ఆ పుణ్యం ఎవరిది? మళ్లీ నట్టలదే!

అయితే గొప్పంతా నట్టలకే కట్టబెడితే అన్యాయం. అందులో సగం పెదనాన్నది. ఫ్యాక్టరీలో మెషీన్ కింద రేకు పెట్టి, కారిన నూనె పట్టి, దాన్ని మళ్లీ అదే మెషీన్‌లో పోయించిన మనిషి ఆయన. ఏదీ బయటికి పోకూడదు, ఏదీ బయటినుంచి రాకూడదు. అదే సూత్రం పెరట్లోనూ పెట్టారు. చుట్టూ ఇటుకల గోడ, మధ్యలో మట్టి, మట్టిలో ఆకుకూరలు, ఆకుకూరల్లో మేనేజరు గారు. ఆయన ఆకు తింటారు, అక్కడే పెంట వేస్తారు, పెదనాన్న దాన్ని అక్కడే మట్టిలో కలిపి నీళ్లు పోస్తారు, అందులోంచి ఆకు మొలుస్తుంది, మేనేజరు గారు తింటారు.

దీనికి పెదనాన్న పెట్టిన పేరు సిస్టమ్. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు సిస్టమ్ చూడాల్సిందే.

ఈ సిస్టమ్ వల్ల నట్టలు బయటికి పోవు. పోయినా, బస్సెక్కి ఊరు చుట్టి మళ్లీ బయల్దేరిన స్టాండులోనే దిగినట్టు, తిరిగి కడుపులోనే దిగుతాయి. శాంపిల్ చూసి ఈ మాట డాక్టరమ్మే చెప్పింది.

"పురుగుల గుడ్లు పెంటలోంచి మట్టిలో పడతాయి పాపా. ఆకుకి అంటుకుంటాయి. ఆ ఆకు తింటే మళ్లీ లోపలికే కదా. మందు ఇస్తాను కానీ, దాన్ని ఆ మట్టిలోనే ఉంచితే మందు దండగ. వేరే గదిలో పెట్టండి. కింద పేపర్లు పరిచి రోజూ మార్చండి. ఆకులు బయటివి తెచ్చి, కడిగి పెట్టండి. ఇది బాగా చిక్కిపోయింది. ఈసారి కూడా తిరగబెడితే తట్టుకోలేదు."

"పెదనాన్నకి చెప్పాలండీ," అన్నాను.

"చెప్పు మరి!"

చెప్పు మరి అట! ఆవిడకేం, ఎంత తేలిగ్గా అనేసింది! నేను క్లాసులో హాజరు పలకడానికే నా ముందు పేరు దగ్గర నుంచి గొంతు సవరించుకునే మనిషిని. అయినా చెప్పాను. పైపుతో నీళ్లు పడుతున్న పెదనాన్న వెనక నిలబడి మూడు రకాలుగా చెప్పాను.

"డాక్టర్లకి సిస్టమ్ గురించి ఏం తెలుసే? ఒకచోట ఆపితే మొత్తం ఆగిపోతుంది. ఆదివారం అయిపోనీ, చూద్దాం."

ఆదివారం పెరటి తోటల సంఘం అధ్యక్షురాలు వస్తోంది. చెత్త బయట పారేయని ఇంటికి సంఘం ఒక షీల్డు ఇస్తుందట. షీల్డు ఎక్కడ పెట్టాలో పెదనాన్న అప్పటికే చూసుకున్నారు. ఆగిపోయిన గడియారం తీసేసి ఆ మేకుకే.

"నువ్వు మధ్యలోకి వెళ్లకు, ఆయన చూసుకుంటారు," అంది అమ్మ.

ఆయన చూసుకున్నారు. కొత్త చొక్కా, షీల్డు తగిలించే మేకు చూసుకున్నారు. మేనేజరు గారిని మాత్రం చూసుకోలేదు.

అధ్యక్షురాలు పెద్ద టోపీ, చేతులకు గ్లౌజులు, చిన్న తాపీలాంటి పారతో వచ్చింది. పెదనాన్న చేతులు తిప్పుతూ మొదలుపెట్టారు. "ఇది తింటుంది, ఇస్తుంది, మళ్లీ తింటుంది. అంతే మేడం! మధ్యలో మనిషి చెయ్యి పడదు."

"అద్భుతం అండీ! మరి ఎదురుగా ఆకు ఉన్నా ముట్టుకోదేం?"

"మితాహారి మేడం."

అప్పుడు మేనేజరు గారు లేచారు. ఎంతో కష్టపడి వెనక్కాళ్లు ఎత్తి, పెరటి తోటల సంఘం అధ్యక్షురాలి బూట్ల ముందు తన వంతు పని కానిచ్చారు. అందులో తెల్లటి దారప్పోగులు. పోగులు కదులుతున్నాయి.

"అయ్యో, ఏంటండీ ఇవి, మెలికలు తిరుగుతున్నాయి?"

పెదనాన్న కళ్లజోడు పైకి తోసి వంగి చూశారు. వంగిన మనిషి ఒక క్షణం లేవలేదు. లేచాక ఆయన మొహం వెలిగిపోతోంది.

"వానపాములు మేడం! పిల్లలు! మట్టికి బలం. ఇప్పుడు లోపలే తయారవుతున్నాయి!"

పెద్దమ్మకి పొలమారింది. అమ్మ ఆకాశంలో దేన్నో చూసింది.

"లోపల్నుంచేనా!" అధ్యక్షురాలు పార తీసింది. "నాకు కొంచెం ఇవ్వరూ? మా పెరట్లోనూ రెండు తాబేళ్లున్నాయి. అవి తిరిగేచోట కలుపుతాను."

"అయ్యో, ఎంత మాట! ఏమే, కవరు పట్రా!"

మా ఇంట్లో ఆ రోజు నన్ను పిలవడం అదే మొదటిసారి. కవరు తెచ్చాను. ఇద్దామని చెయ్యి చాచాను కూడా. మేనేజరు గారు మెడ చాచి అందర్నీ ఒకసారి చూడబోయి, సగంలోనే తల నేల మీద పెట్టేశారు.

"అవి వానపాములు కావండీ," అన్నాను. "నట్టలు. మీ తాబేళ్ల దగ్గర వేస్తే వాటికీ పడతాయి. ఇది మితాహారీ కాదు. దీనికి తినే ఓపిక లేదు. ఇలాగే ఉంచితే చచ్చిపోతుంది."

పార కింద పడింది. అధ్యక్షురాలు గ్లౌజులు ఎలా విప్పాలో తెలియక చేతులు గాల్లో పెట్టి నిలబడింది.

"పిల్లకి భయం ఎక్కువ మేడం," అని నవ్వి, పెదనాన్న నా చెవి దగ్గరికి వచ్చారు. "లోపలికి పో. అది మళ్లీ తోక ఎత్తుతోంది, ముందు దాన్ని ఇక్కణ్నుంచి తీసుకుపో!"

పాఠకులారా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా? నేను మూడు రకాలుగా చెబితే ఎవరికీ వినబడలేదు. మనిషి చెబితే వినబడదు, తాబేలు చిక్కిపోతే కనబడదు. గొంతూ చెవులూ లేని పురుగులు వచ్చినావిడ ముందు ఒక్కసారి మెలిక తిరిగితే ఇల్లంతా కదిలింది! మా ఇంట్లో మాట చెల్లేది వాటికే. కడుపులో ఉన్నంతకాలం వాటికీ చెల్లలేదనుకోండి. పరువు మీద పడ్డాకే చెల్లింది.

మేనేజరు గారిని రెండు చేతులతో ఎత్తుకుని సామాన్ల గదిలోకి వెళ్లాను. గచ్చు నేల. మూలన పాత పేపర్ల కట్ట. మట్టి లేదు, సిస్టమ్ లేదు. కట్ట విప్పి నాలుగు పేపర్లు పరిచి ఆయన్ని దించాను.

పెదనాన్న గుమ్మం దాకా వచ్చారు. చెవులు ఎర్రగా ఉన్నాయి. పెరట్లోంచి నీళ్ల చప్పుడు, "ఇంకొంచెం సోపు ఇవ్వండి" అని అధ్యక్షురాలి గొంతు వినిపిస్తున్నాయి.

"నేను చెప్పేదాకా నువ్వు ఈ గది దాటి రావడానికి వీల్లేదు. తిండి ఇక్కడికే వస్తుంది."

"బయటి ఆకులు కూడా కడిగి పంపమనండి."

"ఏవో ఒకటి పంపుతారు! ఆ పెరటి వైపు మాత్రం రావద్దు!"

"తాబేలు కూడానా?" అని అడిగాను, ఆ మాట ఆయన నోటితోనే వినాలని.

"తాబేలే ముందు!" అని పెదనాన్న నా మొహం మీద తలుపు వేసేశారు.