కర్టెన్లు వేయని ఊరు

నెదర్లాండ్స్‌లో ఎవరింటి కిటికీలోకైనా బయటినుంచి ఏకబిగిన మూడు నిమిషాలు చూసినవాళ్లు ఆ ఇంటి మనుషులైపోతారు కాబట్టి, యూరప్ యాత్ర నాలుగో రోజు సాయంత్రం ఐదూ పన్నెండుకి రామచంద్రపురానికి చెందిన పేరూరి సత్యవేణి, వెస్టర్‌వూర్డ్ అనే చిన్న ఊళ్లో హెండ్రికా అనే ఎనభై రెండేళ్ల ఆవిడకి చెల్లెలిగా నమోదైంది. టూర్ మేనేజర్ శ్రీకర్ కంగారు పడలేదు. ట్రిప్పుకి ఒకరిద్దరు ఇలా ఆగిపోవడం మామూలే. ఈ నిబంధన బ్రోషరు పదకొండో పేజీలో, మంచినీళ్ల సీసాలు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలన్న వాక్యం కింద స్పష్టంగా ఉంది. పదకొండో పేజీ దాకా చదివినవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు.

ఆ ఒకరిద్దర్నీ మినహాయిస్తే యాత్రికుల జోలికి ఈ నిబంధన పెద్దగా రాదు. చూడ్డానికి వచ్చినవాళ్లకి చూసే తీరిక ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లో పడవ మీద గంట, చీజు చేసే చోట పావుగంట, గాలిమరల దగ్గర ఇరవై నిమిషాలు, తులిప్ మ్యూజియంలో బాత్రూముతో కలిపి నలభై. బస్సులోని ఇరవై జంటలూ కలిసి తొమ్మిది వేల ఫొటోలు తీసుకున్నారు. సత్యవేణి భర్త వరాహమూర్తి ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. బస్సు పల్లెల మీదుగా వెళుతుంటే ఆయన ఒక్కడే గమనించాడు. “చూశారాండీ, కాలవ పైనుంది, చేను కిందుంది. మన దగ్గరైతే ఈపాటికి ములిగిపోదుం,” అని అందరికీ చెప్పి, ఆ కాలవకి వీపు తిప్పి ఫొటో దిగాడు.

వెస్టర్‌వూర్డ్‌లో చూడవలసింది ఏమీ లేదు. బస్సు ఆపింది కాళ్లు చాపుకోవడానికి. అక్కడివాళ్లు దీపాలు పెట్టాక కూడా కర్టెన్లు వేసుకోరు. వీధిలోకి ఇల్లంతా కనిపిస్తుంది: పుస్తకాల బీరువా, పిల్లి, బల్ల. దోమల మెష్షూ, ఇనుప ఊచలూ, దళసరి పరదాలూ ఉన్న కిటికీల మధ్య అరవై ఏళ్లు బతికిన సత్యవేణి ఒక కిటికీ ముందు ఆగిపోయింది. లోపల ముసలావిడ ఒక్కతే కూర్చుని రెండు చల్లటి రొట్టెముక్కల మధ్య చీజు పెట్టుకుని తింటోంది. సత్యవేణి అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకుని, తల ఎగరేసి, అద్దంలోంచే అడిగింది, అన్నం తిన్నావా అని. ముసలావిడ కాసేపు ఆలోచించి లేచి వచ్చి తలుపు తీసింది.

కిటికీ చట్రంలో కరెంటు మీటరు లాంటిది ఉంటుంది. పురపాలక అధికారి ఫెంకే సైకిలు మీద వచ్చి దాన్ని చదివింది. మూడు నిమిషాల నలభై సెకన్లు. ఫ్రిజ్ మీద అంటించే చెక్కబూట్ల బొమ్మలు కొనుక్కుని వరాహమూర్తి వచ్చేసరికి సగం ఫారం నిండింది. అధికారి ఇంగ్లీషులో చెప్పినదాన్ని శ్రీకర్ తెలుగులో చెబుతూ వచ్చాడు.

“చూడ్డం వరకే అయితే హెచ్చరించి పంపేదాన్ని,” అంది ఫెంకే. “తిన్నావా అని అడిగారట. మా దగ్గర ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ అలా అడగరు.”

“మా దగ్గర కరెంటు బిల్లు తీసేవోణ్ణి కూడా అడుగుతామండి,” అన్నాడు వరాహమూర్తి.

ఫెంకే ఆ మాటని ‘ఇతర వివరాలు’ గడిలో రాసుకుంది. నమోదు రద్దు కావాలంటే ఒక దారి ఉందని చెప్పింది. సొంత ఇంటివాళ్లు ఎవరైనా ఆవిడని అంతకంటే ఎక్కువసేపు, ఏకబిగిన, చూసి ఉండాలి. ఒక్క సెకను ఎక్కువైనా చాలు. ఏ సంవత్సరంలో చూసినా చెల్లుతుంది.

వరాహమూర్తి ఆలోచనలో పడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో లాకుల దగ్గర నీటిమట్టం ఒక్క అంగుళం కూడా అబద్ధం రాయని మనిషి. పెళ్లిలో తెర దించినప్పుడు ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు. ఆవిడకి ఆపరేషనైనప్పుడు రాత్రంతా పక్కనే ఉన్నాడు గానీ సెలైన్ సీసా చూస్తూ కూర్చున్నాడు. వడ్డించేటప్పుడు టీవీ ఉంటుంది.

“ఓసారి ఈవిడ కంట్లో నలుసు పడితే తీశానండి,” అన్నాడు చివరికి. “ఇరవై సెకన్లు రాసుకోండి.”

“ఇరవై ఎక్కడండీ,” అంది సత్యవేణి. “ఉఫ్ మని ఊదేసి ఎల్లిపోయారు కదా.”

ఇప్పుడు చూస్తే చెల్లుతుందా అని ఆయన అడిగాడు. చెల్లుతుందంది ఫెంకే. హెండ్రికా పిల్లిని దించి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. ఫెంకే స్టాప్‌వాచీ నొక్కి బల్ల మీద పెట్టింది.

వరాహమూర్తి చూడ్డం మొదలుపెట్టాడు. ఎడమ కనుబొమలో మూడు తెల్ల వెంట్రుకలున్నాయి. బరువైన దుద్దులకి చెవి తమ్మెలు సాగిపోయాయి. గడ్డం కింద పాత గంటు ఒకటుంది. అది ఎప్పటిదో ఆయనకి తెలియదు. అడగాలనిపించింది గానీ మాట్లాడొచ్చో లేదో నిబంధనల్లో చెప్పలేదు. ఆవిడ కూడా ఆయన్నే చూస్తోంది, ఇందాక కిటికీలోకి చూసినట్టే. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న మనిషి ఈవిడేనా అని ఆయనకి భయం వేసింది. ఈవిడ లేకుండా ఇంటికి ఎలా వెళ్లడం అని ఇంకా భయం వేసింది. కళ్లు చెమర్చినా తిప్పుకోలేదు. అంతా సవ్యంగానే జరుగుతోంది. ఇంకెంత మిగిలిందో తెలుసుకుందామని స్టాప్‌వాచీ వైపు చూశాడు.

“ఒక నిమిషం యాభై రెండు,” అంది ఫెంకే, రాసుకుంటూ. “రేపు ఉదయం తొమ్మిదికి మళ్లీ ప్రయత్నించవచ్చు.”

“ఇవాళ సాయంత్రం ఆరుకే బస్సు సార్,” అన్నాడు శ్రీకర్. “రేపు పదిన్నరకి ఈఫిల్ టవర్ స్లాటు ఉంది. మారదు.”

వరాహమూర్తికి ఏడుపొచ్చింది. కానీ పద్ధతి ప్రకారం జరిగిన పనికి అభ్యంతరం చెప్పడం ఆయనకి అలవాటు లేదు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

“ఎల్లండి మరి,” అంది సత్యవేణి. “బీపీ మాత్రలు చిన్న బ్యాగులో ఉన్నాయి. పాపం ఈవిడకి కాస్త చారు పెట్టి పోస్తాను.” అప్పటికే ఆవిడ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మూతలు తీసి చూస్తోంది. హెండ్రికా పక్కన నిలబడి ఒక్కొక్కదాని పేరూ చెబుతోంది.

“బాధపడకండి,” అంది ఫెంకే గుమ్మం దగ్గర. “ఈ ఏడాది వచ్చిన భర్తల్లో మీది రెండో స్థానం.”

బస్సులో ఈ మాట తెలియగానే మగవాళ్లంతా లేచి వచ్చి ఆయన సీటు చుట్టూ నిలబడ్డారు. ఎంతండీ అని అడిగారు. నిమిషం యాభై రెండు అన్నాడాయన. ఆ సంఖ్య చెబుతుంటే కొంచెం తేలికపడ్డట్టే ఉన్నాడు. గొప్పేనండి, మావల్లయితే అవదు అన్నారు. రెప్ప వేయకుండా ఉండడానికి ఏం చెయ్యాలో ఒకాయన చెప్పాడు. వాచీని వెనక పెట్టించుకోవలసింది అన్నాడు ఇంకొకాయన.

ఊరి చివర ఒక పడవ కోసం వంతెన పైకి లేచింది. ఐదు నిమిషాలు పడుతుందని చెప్పి డ్రైవరు ఇంజను ఆపాడు. రోడ్డుకి రెండు పక్కలా ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. ఎవరూ కర్టెన్లు వేసుకోలేదు. మొదటి స్థానం ఎవరిదై ఉంటుందా అని మగవాళ్లు వాదించుకుంటుండగా, వాళ్ల భార్యలు పంతొమ్మిదిమందీ బస్సు అద్దాలకి ముఖాలు ఆనించి బయటికి చూస్తున్నారు. వంతెన దిగేదాకా మగవాళ్లలో ఒక్కరూ అటు తిరగలేదు.