డిప్ప ఉన్నవాళ్ళంతా మావాళ్ళే

ఒక పెద్ద అడవిలో చెరువులు ఎన్ని ఉంటేనేం, ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు మిగిలేది ఒక్క మడుగులోనే. ఏ వర్గానికి జనం ఎక్కువుంటే మడుగులో లోతు వైపు వాళ్ళది. మిగతావాళ్ళకి బురద. అదీ అక్కడి సభ పెట్టుకున్న న్యాయం.

ఏళ్ళ తరబడి లోతంతా కప్పలదే. తాబేళ్ళ పెద్ద కూర్మయ్యకి వయసు మీదపడింది. ఇంకో ఎండాకాలం బురదలో గడిపితే బతికి బట్టకట్టనని భయం పట్టుకుంది. కప్పలతో పోటీపడి పిల్లల్ని కనడం తాబేళ్ళ వల్ల అయ్యే పనా! అయితే ఎవరు ఏ వర్గమో తేల్చే అధికారి మాత్రం అతనే.

గట్టు మీద గుంటలో ఒక అమీబాల కుటుంబం ఉంది. కంటికి ఆనేంత కూడా లేరు. ఇసుక రేణువులు అతికించుకుని ఒంటిమీద బుల్లి డిప్పలు కట్టుకుని బతుకుతున్నారు. నిన్నటిదాకా వాళ్ళని పాచి అన్న కూర్మయ్య, ఇవాళ గుంట పక్కన చతికిలబడి వాళ్ళ పెద్ద అప్పలమ్మని పలకరించాడు.

"చెల్లెమ్మా, నీకూ డిప్పే, నాకూ డిప్పే. మనం మనం ఒకటి కాకపోతే ఇంకెవరవుతారు?"

అప్పలమ్మకి అనుమానం లేకపోలేదు. కానీ గుంట ఎండిపోతోంది. సరే అన్నయ్యా అంది.

సభలో కప్పలు గగ్గోలు పెట్టాయి. ఒంట్లో ఒకే ఒక్క కణం ఉన్నవాళ్ళని మాతో సమానంగా ఎలా లెక్కేస్తారని నిలదీశాయి. కణాలు లెక్కపెట్టే ఆచారం మనకి లేదని, డిప్ప ఉంటే తాబేలేనని కూర్మయ్య తీర్పు చెప్పేశాడు. దాంతో లెక్కలో తాబేళ్ళ వర్గం కప్పల్ని మించిపోయింది. ఆ సాయంత్రం జన్మలో మొదటిసారి చల్లటి నీళ్ళలో మెడదాకా మునిగి హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి అప్పలమ్మ రెండుగా చీలి ఇద్దరయింది. ఇద్దరూ నేనే అప్పలమ్మనంటున్నారు. ఆ ఇద్దరూ నలుగురయ్యారు. మంచి నీళ్ళు దొరికాక ఇక ఆగుతారా! కొన్నాళ్ళకి తాబేళ్ళ వర్గంలో అసలు తాబేళ్ళు ఏ మూలకీ రాకుండా పోయాయి. కూర్మయ్య పదవి కాస్తా అప్పలమ్మల్లో ఒకామెకి దక్కింది.

కుర్చీ ఎక్కగానే ఆమె కప్పల పాత ప్రశ్నే బయటికి తీసింది. కణాలు లెక్కపెట్టాల్సిందేనంది. ఒక్క కణముంటే ఒక ప్రాణి, అంతకు మించితే గుంపు, లోతు వైపు గుంపులు కూడరాదని తీర్పిచ్చింది.

"నేనొక్కణ్ణే కదమ్మా," అన్నాడు కూర్మయ్య.

"నీ ఒంట్లో కోట్లమంది ఉన్నారన్నయ్యా. వాళ్ళందర్నీ పంపించేసి నువ్వొక్కడివే రా. కాదంటామా?"

కూర్మయ్య మెల్లగా బురద దారి పట్టాడు. అక్కడున్న కప్పలు కాస్త జరిగి చోటిచ్చాయి.

నీతి: చుట్టరికం కలుపుకునే ముందు అవతలివాళ్ళ కాన్పుల సంగతి కనుక్కోవాలి.