డీజిల్ తాగిన చంటిది

ఆ పొద్దున ఎలాదియో పెగేరో వేసుకున్న పథకం చాలా చిన్నది. అరటికాయ ఉడికించి మెదిపిన మంగూలో వేయించిన సలామీ నంజుకుని తినాలి, బస్సు షెడ్డుకు పోవాలి, మూడింటికల్లా యాత్రికులను హిగ్వేకు సాగనంపాలి, ఆ పైన డామినో ఆడుకోవాలి. మర్నాడు అల్తాగ్రాసియా మాత పండుగ. వాళ్ళ ఊరు శాన్ పెద్రోలో సగం జనం జాగారానికి హిగ్వేలోని ఆ మాత గుడికి పోతారు. షెడ్డు పర్యవేక్షణ ఎలాదియోది. మేనేజరు రదమెస్ ముందురోజే చెప్పాడు.

"పోయినేడు మన బండి కదల్లేదు ఎలాదియో అన్నా. యాత్రికుల్ని పక్క కంపెనీవాడు ఎత్తుకుపోయాడు. ఈసారీ అదే అయితే నీ కుర్చీ పోయినట్టే. పైవాళ్ళ మాట. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోక ముద్దు పెట్టుకుంటానా?" అన్నాడు ఎలాదియో.

హిగ్వే వెళ్ళాల్సింది ముసలి గ్వాగ్వా. ఈ దీవిలో పుట్టినవాడెవడూ బస్సును బస్సు అనడు, గ్వాగ్వా అంటాడు. ఎలాదియో షెడ్డుకు వచ్చేసరికి దాని కిందనుంచి మెకానిక్ మోంచో కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"క్లచ్చు ప్లేటు పోయింది మామా," అన్నాయి కాళ్ళు.

"కొత్తది లేదా?"

"ఎదురు దుకాణంలోనే ఉంది. తెస్తే అరగంటలో బిగిస్తా. కానీ క్లారిటా అనుమతి నంబరిస్తేనే దుకాణంవాడు ఇస్తాట్ట."

ఎలాదియో ముఖం ఆముదం తాగినట్టు అయింది. కంపెనీని చిలీ వాళ్ళు కొన్నాక, పదకొండు దేశాల్లో ఉన్న తమ బస్సులన్నిటికీ కలిపి ఒకే కృత్రిమ మేధను కూర్చోబెట్టారు. దాని పేరు క్లారిటా. మేకు కావాలన్నా, సెలవు కావాలన్నా ఫోన్లో దాన్నే అడగాలి. అంతకుముందు ఎలాదియో ఒక సంతకం గీకితే సరిపోయేది. ఒక పూట అందరినీ కూర్చోబెట్టి, "మీ ఊరి మాటల్లోనే మాట్లాడండి, అది అర్థం చేసుకుంటుంది" అని శిక్షణ ఇచ్చారు. కాఫీ కూడా ఇచ్చారు. కాఫీ బాగుంది.

ఎలాదియో ఫోను తీశాడు. "అమ్మా, మా గ్వాగ్వాకు బాగోలేదు. రాత్రి నుంచి ఒకటే పొగ."

"అయ్యో," అంది క్లారిటా తేనె పూసిన గొంతుతో. "ఏం పట్టించారు?"

"ఏం పట్టిస్తాను? డీజిలే."

"డీజిల్ ఎవరు పట్టించారు?"

"నేనే. రోజూ పొద్దున్నే పట్టిస్తా. ఈమధ్య మరీ ఎక్కువ తాగుతోంది."

"బరువెంత?"

"ఖాళీగానా, జనం ఎక్కాకనా?"

"దాని మీద జనం ఎక్కుతున్నారా?"

"ఎక్కకపోతే మాకు జీతాలెట్టా వస్తాయమ్మా!"

క్లారిటా గొంతులో తేనె తగ్గింది. "రాత్రి ఎక్కడ పడుకోబెట్టారు?"

పడుకోబెట్టడం ఏమిటో అనుకున్నాడు ఎలాదియో. చిలీ వాళ్ళు అట్లా అంటారు కాబోలు. "బయటే, వానలో. లోపల చోటేదీ?"

"ఇప్పుడు దాని దగ్గర ఎవరున్నారు?"

"మోంచో ఉన్నాడుగా. సుత్తితో కొడుతున్నాడు."

"సుత్తితో?"

"మెల్లగానేలే తల్లీ. నువ్వు నంబరియ్యి ముందు."

నంబరు రాలేదు. "సాయం బయలుదేరింది, దాన్ని ఎవరూ ముట్టుకోకండి" అన్న మాట వచ్చింది. ఎంతైనా పెద్ద కంపెనీ, మనిషినే పంపుతోందని ఎలాదియో మురిసిపోయాడు. ఆ మురిపెం ఒక్క కాఫీ తాగినంత సేపు నిలిచింది. మొదట అంబులెన్సు వచ్చింది. దాని వెనకే పోలీసు జీపు వచ్చింది. దాంట్లోంచి సార్జెంట్ మీరియాన్ చొక్కా చేతులు మడుచుకుంటూ దిగింది.

"ఎలాదియో పెగేరో ఎవడ్రా?"

"నేనేనమ్మా."

"పసిబిడ్డకు డీజిల్ తాగించింది నువ్వేనా? చూస్తే పెద్దమనిషిలాగున్నావు, సిగ్గులేదూ? బిడ్డేదీ?"

"నా బిడ్డా? దానికి ఇరవయ్యారేళ్ళు. బ్యాంకులో ఉంటుంది!"

"బ్యాంకులో పెట్టావా? చంటిపిల్లనా?"

మోంచో సుత్తితో సహా బయటికి దొర్లుకొచ్చాడు. సార్జెంటు వాడి చేతిలో సుత్తిని చూసి జీపులోంచి సంకెళ్ళు తెమ్మంది. "మామా, నన్నెందుకు ఇరికించావు?" అని వాడు ఏడుపు గొంతు పెట్టాడు. ఆ గోలలో అంబులెన్సు డాక్టరమ్మ దియోనిసియా, తనకొచ్చిన సందేశం మరోసారి చదివి, ఎలాదియోను అడిగింది.

"మీరు క్లారిటాతో ఏ మాటన్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి."

"గ్వాగ్వాకు బాగోలేదన్నాను. ఏం, తప్పా?"

డాక్టరమ్మ అంబులెన్సు మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "నేను చిలీలో చదువుకున్నాను. అక్కడ గ్వాగ్వా అంటే చంకలో చంటిది!"

అందరూ తలలు తిప్పి చూశారు. చంకలో చంటిది చక్రాల మీద నిలబడి, నూనె కారుస్తోంది. సార్జెంటు సంకెళ్ళు జీపులోకి విసిరేసి, "ఇంతోటిదానికి నా భోజనం చెడగొట్టారా!" అంది.

ఎలాదియోకు నవ్వు రాలేదు. ఆ గోలంతా తేలేసరికి ఒంటిగంట దాటింది. యాత్రికులు కొవ్వొత్తులూ, అన్నం గిన్నెలూ పట్టుకుని గేటు దగ్గర చేరుతున్నారు. రదమెస్ ఫోను మీద ఫోను. "బస్సు అని చెప్పన్నా! చదువుకున్నోడిలా మాట్లాడు!"

ఎలాదియో చదువుకున్నవాడిలా మాట్లాడాడు. "బస్సుకు క్లచ్చు ప్లేటు కావాలి."

"బస్సు విడిభాగాలకు అనుమతి ఏడు పనిదినాల్లో వస్తుంది," అంది క్లారిటా. "పైగా మీ పేరు మీద శిశువు కేసు ఉంది. శిశువు కోలుకునేదాకా మీ అభ్యర్థనలన్నీ ఆపేశాను."

"శిశువు లేదు తల్లీ!"

"శిశువు కనబడకపోవడాన్ని కూడా నమోదు చేశాను."

ఎలాదియో టోపీ తీసి నేలకు కొట్టాడు. "దీన్ని తయారుచేసినోడు నా చేతికి చిక్కాలి! వాడికీ పట్టిస్తా డీజిలు!"

"ఫోను ఇటివ్వండి," అంది డాక్టరమ్మ. కేసు మూసేదాకా ఆమె అంబులెన్సుకూ కదిలే వీల్లేదు. గొంతు సవరించుకుంది. "నేను డాక్టర్ని. గ్వాగ్వా దొరికింది. పరిస్థితి విషమంగా ఉంది. వెంటనే ఒక అవయవం మార్చాలి."

"ఏ అవయవం?"

డాక్టరమ్మ ఎలాదియో వైపు చూసింది. ఎలాదియో మోంచో వైపు చూశాడు. "క్లచ్చు ప్లేటు," అన్నాడు మోంచో నీరసంగా.

"అర్థమైంది. అవయవం ఎక్కడుంది?"

"ఎదురు దుకాణంలో."

"ప్రాణాపాయం కనుక తక్షణం మంజూరు చేస్తున్నాను," అని క్లారిటా నంబరు చదివింది. పదకొండు దేశాల్లో అంత త్వరగా ఏ బస్సుకూ ఏదీ మంజూరు కాలేదు.

మోంచో ప్లేటు బిగించాడు. మూడింటికి గ్వాగ్వా ఒకసారి దగ్గి, మాత పాటలు పాడుతున్న జనాన్ని ఎక్కించుకుని హిగ్వే దారి పట్టింది. పక్క కంపెనీవాడు ఖాళీ బస్సులో కూర్చుని చూస్తుండిపోయాడు. రదమెస్ పరుగున వచ్చి ఎలాదియోను కావలించుకున్నాడు. "నీ కుర్చీని కదిపేవాడు ఇంక పుట్టలేదన్నా!"

సోమవారం ఎలాదియో వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే షెడ్డు గేటు తెరుచుకోలేదు. లోపలినుంచి రదమెస్ తల గోక్కుంటూ వచ్చాడు.

"శస్త్రచికిత్స అయిన బిడ్డ దగ్గర తండ్రి ఉండాలట అన్నా. క్లారిటా నీకు ఆర్నెల్లు సెలవిచ్చేసింది. అందాకా నీ పనులు కూడా తనే చూస్తానంది."

"నా కుర్చీ?"

"తీయించేసింది. తనకు కుర్చీతో పనేముంది?"

"మరి నేనింట్లో కూర్చోనా?"

"కుదరదు. నీ ఫోను ఎక్కడుందో చూస్తుంటుంది. బిడ్డ పక్కన లేకపోతే జీతం కోత."

అందుకని ఎలాదియో ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గ్వాగ్వా ముందు సీట్లో కూర్చుని శాన్ పెద్రో నుంచి హిగ్వేకు, హిగ్వే నుంచి శాన్ పెద్రోకు తిరుగుతున్నాడు. టికెట్టు మాత్రం తనే కొనుక్కోవాలి, సెలవులో ఉన్న ఉద్యోగికి ఉచిత ప్రయాణం లేదట.