చీర ముందా, సంతకం ముందా

ఆ పొద్దున చెన్నకేశవన్ వేసుకొన్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చెల్లెలు తాయమ్మాళ్ తిరుప్పూరు నుంచి మొదటి బస్సులో దిగుతుంది. నేరుగా రిజిస్ట్రారు ఆఫీసుకు పోతారు. నాయన కట్టిన ఇంట్లో తన సగాన్ని అన్నకు వదులుకొంటున్నట్టు ఆమె సంతకం పెడుతుంది. షిఫ్టు దిగే వేళకు మిల్లు సంగు, అంటే సైరను, ఊదే లోపల ఇల్లు చేరి అందరూ కోడికూర తింటారు.

తొందరంతా కరెంటు గురించే. సింగానల్లూరులో వాళ్ళ వీధికి అప్పుడే స్తంభాలు వచ్చాయి. ఇల్లు ఒక్కరి పేరున ఉంటేనే తీగ లాగుతామనీ, ఈ వారం దాటితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమనీ లైన్‌మన్ తేల్చేశాడు. తండ్రి ఆస్తిలో ఆడపిల్లకూ సమభాగమని ఢిల్లీలో చట్టం చేశాక నాయన పోయాడు కాబట్టి, ఇల్లు ఇద్దరిదీ అయి కూర్చుంది. పగలంతా మిల్లులో కరెంటుతో తిరిగే కదుళ్ళకు మరమ్మతు చేసే ఫిట్టరు, ఇంటికొచ్చి కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చోవడమేమిటని భార్య గోమతి రోజూ సాధిస్తూనే ఉంది.

బయలుదేరేటప్పుడు ఆమె చీర పొట్లం చేతికిచ్చి మరీ మరీ చెప్పింది. "సంతకం అయినాకనే ఈ చీర ఇయ్యి. ముందే ఇస్తివంటే నీ చెల్లెలు ఏడ్సేది మొదలుపెడ్తాది. ఆపేది ఎవురు?"

ఇది ఎగతాళి కాదు. తమిళనాట తరాలుగా ఉంటున్న ఆ తెలుగువాళ్ళలో పుట్టింటివాళ్ళు చీర పెడితే ఆడబిడ్డ దాన్ని కళ్ళకద్దుకొని, పోయిన పెద్దలను తలచుకొని, రాగం తీసి ఏడవాలి. ఏడవకపోతే పుట్టింటి మీద మమకారం లేదంటారు. మధ్యలో ఆపితే అన్నకు కీడు. విన్న ఆడవాళ్ళు వచ్చి గొంతు కలపాలి. దీనికి నిజంగా బాధ ఉండనక్కరలేదు, గొంతు ఉంటే చాలు. తాయమ్మాళ్ గొంతుకు రెండు ఊళ్ళలో పేరుంది.

రిజిస్ట్రారు అచ్చమైన తమిళుడు, నిదానస్తుడు. పత్రం చూసి, కళ్ళద్దాలు సర్దుకొని, "నీ భాగం ఇష్టపడే వదులుతున్నావా అమ్మా?" అని తమిళంలో అడిగాడు. తాయమ్మాళ్ తల ఊపబోయింది. బస్సు దుమ్ముతో, పిల్లలకు తెచ్చిన మురుకుల మూటతో నిలబడ్డ చెల్లెల్ని చూసేసరికి చెన్నకేశవన్ మనసు నీరైపోయింది. వట్టి చేతులతో ఇల్లు అడగడమా! గోమతి మాట గాలికి పోయింది. చీర తీసి చెల్లెలి చేతిలో పెట్టేశాడు.

"నన్ను కన్న నాయనా!" అని ఎత్తుకొంది తాయమ్మాళ్. "మట్టి తొక్కి గోడ లేపితివే! ఆ గోడ నీడన నాకు చోటు లేకపోయెనే!"

రిజిస్ట్రారు చేతిలో ముద్ర అట్లాగే ఆగిపోయింది. "ఎన్నమ్మా ఇదు?" అని, ఇదేమిటన్నట్టు చూశాడు. పత్రం రాసిన నల్లసామికి తెలుగు మాటలు తెలుసు గాని ఈ ఆచారం తెలియదు. "ఇంటి నీడన నిలబడనివ్వడం లేదట సార్," అని విప్పి చెప్పాడు.

"వదినె సేతి కూడు ఇంక ఎన్నడు తిందునో!"

"వదిన అన్నం కూడా పెట్టదట సార్."

"అయ్యో, ఇది ఏడుపు కాదు సార్, మర్యాద!" అని చెన్నకేశవన్ మొత్తుకొన్నాడు. చెల్లెలి వైపు తిరిగి, "సాలు తల్లీ, ఆపు!" అన్నాడు.

"ఎట్ల ఆపేదిణ్ణా? మధ్యలో ఆపితే నీకు కీడు గదా!" అని మామూలు గొంతుతో చెప్పి, తాయమ్మాళ్ మళ్ళీ రాగం అందుకొంది.

అప్పుడే మిల్లు సంగు ఊదింది. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు ఆ దారినే వస్తున్నారు. ముందు నడుస్తున్న చిన్నత్తాయిది చెన్నకేశవన్ వీధే. ఆమె చెవిన రాగం పడింది. ఎవరిది, ఎందుకు అని అడగలేదు. లోపలికొచ్చి తాయమ్మాళ్ భుజం మీద చెయ్యి వేసి గొంతు కలిపింది. వెనకవాళ్ళూ కలిపారు. బయట నిలిచిన మగవాళ్ళకు ఒక అన్న చెల్లెలి ఇల్లు లాక్కొంటున్నాడని తెలిసింది. ఆ మాట టీకొట్టు చేరేసరికి మిల్లు కార్మికుల ఇళ్ళన్నీ రాయించుకొంటున్నారని మారింది. ఎవరో యూనియన్ జెండా కూడా పట్టుకొచ్చారు. "ఇళ్ళు మావే!" అని కేకలు లేచాయి.

"ఏడ్చే మనిషి చేత రాయిస్తే రేపు కోర్టు మెట్లు ఎక్కేది నేను," అని రిజిస్ట్రారు పత్రం పక్కకు నెట్టేశాడు.

ఇక కరెంటు రానట్టేనని చెన్నకేశవన్ అక్కడే చతికిలబడ్డాడు. తాయమ్మాళ్ అతన్ని చూసింది. ఆమె గొంతులో రాగం తెగిపోయింది. "ఈ పొద్దు దాకా మా ఇల్లు అంటి," అంది మెల్లగా. "రేపట్నించి అణ్ణ ఇల్లు అనాల నేను."

ఇది ఆచారంలో లేని మాట. చిన్నత్తాయి చెయ్యెత్తి వెనకవాళ్ళను ఆపింది. ఆ గోడలకు మట్టి తొక్కుతుంటే చిన్న చెంబుతో నీళ్ళు మోసింది ఈ పిల్లే. చెన్నకేశవన్‌కు అది గుర్తుకొచ్చింది.

లేచాడు. "సార్, కరెంటుకు ఇల్లు ఒకరి పేరున ఉంటే సాలు గదా? ఎవురిదైతే ఏమి?"

"ఎవరిదైనా సరే."

"అట్లయితే తిప్పి రాయి నల్లసామీ. నా సగం నేనే దీనికి వదిలేస్తా. నాకు ఎవురూ సీర పెట్టలేదు, ఏడ్సే పనీ లేదు."

నల్లసామి కొత్త పత్రం రాశాడు. ఇష్టపడే ఇస్తున్నావా అంటే చెన్నకేశవన్ పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "వద్దణ్ణా! వదినె నన్ను సంపుతాది!" అని తాయమ్మాళ్ ఈసారి రాగం లేకుండా, నిజంగానే భోరుమంది. పుచ్చుకొనేవాళ్ళు ఏడవగూడదని తన నిబంధనల్లో ఎక్కడా లేదని చెప్పి రిజిస్ట్రారు ముద్ర గుద్దేశాడు. బయటివాళ్ళు తామే గెలిచామనుకొని జేజేలు కొట్టారు.

వారం తిరక్కముందే ఆ ఇంట్లో బల్బు వెలిగింది. గోమతి దానికి దండం పెట్టి, "కరెంటు కార్డు ఎవురి పేరున ఉండాది?" అని అడిగింది. చెన్నకేశవన్ అన్నాళ్ళూ దాచిన సంగతి చెప్పక తప్పలేదు. గోమతి నోరు తెరిచేలోపల, బల్బు చూడడానికి వచ్చిన తాయమ్మాళ్ ఆ కొత్త చీరే తెచ్చి ఆమె భుజాన కప్పింది. "ఊరికే ఉండు వదినె, నేను బాడిగ అడగనులే. నేనొస్తే కూడు పెట్టు, సాలు."

గోమతి ఆమెను కోపంగా చూసింది. చూస్తూ చూస్తూ నవ్వేసి, కోడికూర వండడానికి లేచింది.

అప్పటి నుంచి తాయమ్మాళ్ పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఇంటి యజమానురాలి దర్జాతో గడపలో నిలబడి మొదట అడిగే మాట ఒకటే, పట్టపగలు ఆ దీపం ఎవరు వేశారని.