పడమట పడుకున్న నాగుడు

వరద మసీదు డప్పును ఎత్తుకుపోయిన ఏడాది అది. నీళ్లు తీశాక సొలొ నది ఒడ్డున పొలాలన్నిటా మోకాలి లోతు ఒండ్రు మిగిలింది. డచ్చివాళ్లు తిరిగొచ్చి పడమటి పంచదార మిల్లులో మకాం వేసింది కూడా ఆ ఏడే. ఒండ్రు గట్టిపడేలోగా దున్నకపోతే ఏడాదంతా కర్రపెండలమే గతి అని రైతు కసన్ తొందరపడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మేజర్ సస్త్రొదిపురొ గారు ఊరి చావడిలో బల్ల ఎక్కి దండయాత్ర ప్రకటించారు.

"దీని పేరు ఉరుము దండయాత్ర. జావా స్వాతంత్ర్యం గురువారం పొద్దున మొదలు. మన దగ్గర ఫిరంగి ఉంది."

ఉన్నమాట నిజమే. జపానువాళ్లు వదిలేసి పోయింది. గుళ్లు లేవు. గొట్టంలో ఒక కోడి పొదుగుతోంది. మేజర్ గారిది జాలిగుండె, దాన్ని కదిలించవద్దని ఆర్డరు వేశారు. లాగడానికి కసన్ గేదె సెకార్‌ను దేశం పేరిట తీసుకున్నారు.

"అయ్యా, నాకున్నది ఇదొక్కటే. మళ్లీ ఎప్పుడిస్తారు?"

"స్వాతంత్ర్యం రాగానే, మామా."

"ఆదివారానికి వస్తుందా? దున్నాలి."

"శనివారానికే రావచ్చు."

కసన్ గేదె తాడు వదల్లేదు. చేతిలో ఒక వెదురు బల్లెం పెట్టారు. అతనూ సైన్యమయ్యాడు.

గురువారం బయలుదేరుతుంటే రోజుల లెక్క చూసే రెక్సొ తాత ఎదురొచ్చాడు.

"ఎటు, బాబూ?"

"పడమటికి. శత్రువు అక్కడున్నాడు."

"దిక్కులు మారే నాగుడూ ఇప్పుడు అక్కడే పడుకున్నాడు, ఇంకో మూడు నెలలు. ఆయుధం పట్టి ఆయన నోట్లోకి నడుస్తారా?"

సైన్యం చెమటలు తుడుచుకుంది. నాగుడున్న వైపు పెళ్లికూతుర్ని కూడా పంపని ఇళ్లలో పుట్టినవాళ్లే అందరూ. మేజర్ గారు మ్యాపు చూశారు. దాన్ని తిప్పి పట్టుకుని మళ్లీ చూశారు.

"తూర్పుకి," అన్నారు.

సేనానికీ మామూలు మనిషికీ తేడా అక్కడే తెలుస్తుంది.

మూడు రోజుల్లో తూర్పున పదకొండు ఊళ్లు విముక్తి పొందాయి. పదకొండూ మొదటినుంచీ మనవే కాబట్టి ప్రతిఘటన తక్కువ. ప్రతి ఊళ్లోనూ గోపురంలా అన్నం పేర్చి, కోడి వండి, దువా చదివి విందు పెట్టారు.

"మమ్మల్ని ఎవరి నుంచి విడిపించారు, నాయనా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"అది మిలిటరీ రహస్యం, అవ్వా."

"సరే, కూర వేసుకో."

మేజర్ గారు పైకి రిపోర్టు రాశారు: ప్రాణనష్టం సున్నా. కోళ్లను కలపలేదు.

శనివారం మధ్యాహ్నం పదకొండో విందు తిని సైన్యం నిద్రపోయింది. సెకార్ ఫిరంగితో సహా ఇంటిదారి పట్టింది. గేదెకి నాగుడి సంగతి ఎవరూ చెప్పలేదు. కసన్ లేచి చక్రాల జాడ వెంట పరుగెత్తాడు. జాడ పడమటికి పోతోందని సగం దారిలో గుర్తొచ్చింది. చేతిలో బల్లెం ఉంది. కాసేపు నిలబడ్డాడు. బల్లెం కాలవలో పడేసి నడిచాడు.

సెకార్ ఊరు కూడా దాటి, రోజూ చెరుకు ఆకు మేసే మిల్లు దగ్గర ఆగింది. గేటు తీసి ఉంది. వంటవాడొకడు అరుగు మీద కూర్చున్నాడు.

"డచ్చివాళ్లేరీ?"

"నిన్ననే పోయారు. దోమలు." ఫిరంగిలోకి తొంగిచూశాడు. "గుడ్లున్నాయా?"

"పొదుగుతోంది."

"అయితే వద్దులే. ఇదిగో తాళంచెవి. ముందు వచ్చినవాడికి ఇమ్మన్నారు."

ఆ సాయంత్రం సైన్యం ఊరికి తిరిగొచ్చింది. ఇల్లు పడమట కాబట్టి, మొహం తూర్పుకి పెట్టి వెనక్కి నడుస్తూ వచ్చింది.

"ఇలాగే మిల్లు మీదికీ పోవచ్చు గదా, సార్?" అన్నాడు ఒక నాయక్.

"శత్రువుకి వీపు చూపే సైన్యం కాదు మనది."

కసన్ తాళంచెవి ఇచ్చాడు. మేజర్ గారు బల్ల ఎక్కి ప్రకటించారు: మిల్లు మన వశమైంది. రేపు పొద్దున విజయస్తంభానికి పునాది. ఆనవాయితీ ప్రకారం పునాదిలో గేదె తల.

"ఏ గేదెది, అయ్యా?"

"మిల్లు పట్టినదానిదే. ఆ గౌరవం ఇంకో గేదెకి ఇస్తే న్యాయమా, మామా?"

కసన్ తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు ఆలోచించి మరీ మాట్లాడాడు. "అది సైన్యాన్ని వదిలి పారిపోయింది గదా, అయ్యా. దానికి గౌరవమేంటి?"

మేజర్ గారి మొహం గంభీరమైంది. "నిజమే. అయితే మరణశిక్ష."

ఇంటికెళ్లాక భార్య పైనెం అడిగింది. "ఏమన్నాడయ్యా?"

"గౌరవమో శిక్షో తేలలేదు. తల మటుకు ఒకటే."

మర్నాడు పొద్దున్నే కసన్ నాగలి భుజాన వేసుకుని, సెకార్ తాడు పట్టుకుని, అందరూ చూస్తుండగా పడమటికి నడిచాడు. అతని పొలం అటే.

సైన్యం ఆయుధాలతో గట్టు దాకా ఉరికి ఆగిపోయింది. అందరూ రెక్సొ తాత వైపు చూశారు. తాత తల అడ్డంగా ఊపాడు. మేజర్ గారు మ్యాపు తిప్పి చూసుకుని, గేదెను పట్టి తెమ్మని పన్నెండు మందిని తూర్పుకి పంపారు.

మధ్యాహ్నానికల్లా కసన్ సగం మడి దున్నాడు.