పరిశీలనకు ముందు కోత నిషేధం

నేలకు నొప్పి తెలియకుండా పంట తీయడమెలాగో నేలకు తప్ప అందరికీ తెలిసిన కాలమిది. అందుకోసం ఒక ఆఫీసు కూడా వెలిసింది. సుస్థిర అధిక దిగుబడి నాణ్యతా నిర్ధారణ విభాగం. (పేరంతా పట్టక బోర్డును మూల తిప్పి రెండో గోడ మీద కూడా రాశారు.) ఈ విభాగం ఇచ్చే పత్రం లేకపోతే సోయా గింజ నూనె మిల్లు గేటు దాటదు.

అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ పదకొండేళ్లుగా సోయా వేస్తోంది. రోజూ చేనంతా తిరిగి, ఆకు తిరగేసి పురుగు గుడ్లు చేత్తోనే నలిపేస్తుంది. ఈసారి కొమ్మకొమ్మకీ కాయలు గుత్తులుగా కాశాయి. మురిసిపోతూ విభాగం వారి యాప్ తెరిచింది.

'వాడిన పురుగుమందు పేరు?' అని అడిగింది యాప్.

'ఏమీ వాడలేదు' అని రాసింది.

'ఈ పేరుతో మందు లేదు. సరిచూసుకోండి.'

చేసేది లేక ఆఫీసుకు వెళ్లింది. గుమస్తా తెర వంక చూసి పెదవి విరిచాడు.

"మందు లేకుండా ఇంత పంటంటే సిస్టం నమ్మదమ్మా."

"అది నమ్మకపోతే మానె, మీరొచ్చి చూడండి బాబూ."

"చూడ్డానికి పరిశీలకుడు గారున్నారు. ఆయన వచ్చేదాకా కోయకూడదు. కోసేస్తే చూడ్డానికేముంటుంది?" (అంత తర్కం ఆ భవనంలో అంతకుముందు వినపడలేదట.)

ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. కాయలు గలగలమన్నాయి. అప్పుడు పరిశీలకుడి మెసేజి వచ్చింది: 'పంటను ప్రస్తుత దశలోనే ఉంచగలరు.' పెద్దక్క దాన్ని మొక్కలకు చదివి వినిపించింది. అవి లెక్కచేయలేదు. ఎండకు కాయలు టప్పుటప్పున పగిలి గింజలు రాలుతుంటే, గట్టు మీద నిలబడ్డ ఆవిడ చేలోకి దిగి వాటిని కొంగులోకి ఏరసాగింది.

"వదినా, రూలు చూస్తావా, గింజ చూస్తావా?" అంది ఆడపడుచు, కొడవలి పట్టుకుని.

"గింజే. పద."

మర్నాడు పొద్దున్నే, కాయల మీద మంచు తడి ఆరకముందే కూలీలతో దిగి కోసేశారు. అప్పటికే మూడో వంతు మట్టిపాలైంది.

రెండు రోజులు పోయాక పరిశీలకుడు టేపుతో, గొడుగుతో, పద్నాలుగు పేజీల ఫారంతో దిగాడు. బోసిపోయిన చేను వంక చూశాడు. పెద్దక్క గుండె చిక్కబట్టుకుంది. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు సర్దుకుని గడులు నింపసాగాడు. పురుగు: లేదు. తెగులు: లేదు. మందు: లేదు. నీటి వాడకం: లేదు. (దిగుబడి గడిలో 'అధికం' అని అచ్చులోనే ఉంది.)

"అద్భుతమమ్మా! నా సర్వీసులో ఇంత సుస్థిరమైన చేను చూడలేదు. వందకు వంద!"

"మరి గింజలు సార్? ఇంట్లో ఆరబోశాం, చూస్తారా?"

"గింజలు మా పరిధిలోకి రావమ్మా."

అక్కడికక్కడే సంతకం పెట్టి పత్రం చేతికిచ్చాడు. 'ఉత్తమ సోయా క్షేత్రం' అని బంగారు అక్షరాల్లో ఉంది. పెద్దక్క వేలు పెట్టి అడుగుదాకా చదివింది. ఒక్కటే షరతు: ఇందులో సోయా వేసినచో గుర్తింపు రద్దగును.